రాయుటలో దోషం

ముందుగా ఒక మాట. ఒత్తులు, దీర్ఘాలు నాకు ఇంకా పూర్తిగా లొంగలేదు. ఎక్కడైనా తప్పు కనబడితే తిట్టుకోకుండా మీరే సరిచేసుకుని చదవండి. ఒక్కో అక్షరం వెతికి వెతికి కొడుతున్నాను కాబట్టి, చెప్పేది ఎండాకాలం సంగతే అయినా, రాసేసరికి వానాకాలం అయిపోయింది.

ఆ ఎండాకాలం మా ఇంట్లో పొద్దున లేస్తే ఒకటే మాట. "ఎక్కుతలేదు." కంప్యూటర్‌కు ఎక్కాల్సింది ఎక్కడం లేదు.

మా కోడలు నిషిత డిగ్రీ చదివేటప్పటి కంప్యూటర్ అది. పుట్టింటి నుంచి తెచ్చుకుని ముందరి గదిలో కుట్టుమిషను బల్ల మీద పెట్టుకుంది. ఉగాది వెళ్లాక ఒకరోజు అది తెరుచుకోవడం మానేసింది. నల్లటి తెర, మూలన కొట్టుకుంటున్న చిన్న గీత, అంతే. సరిగ్గా అప్పుడే ఆమెకు ఒక కంపెనీ వాళ్లు ఇంటి నుంచి చేసే పని ఇస్తామన్నారు. డాక్టర్లు మాట్లాడి పంపింది విని టైపు చేసే పని. మిరుగు రాగానే నేర్పడం మొదలుపెడతామని, అప్పటికి ఇంట్లో కంప్యూటర్ నడుస్తూ ఉండాలని, ఫోన్‌లో కుదరదని చెప్పారు. మృగశిర కార్తెను మా దిక్కు మిరుగు అంటాం. అప్పటికి ఇంకా చాలా రోజులున్నాయి.

నా కొడుకు నర్సింహులుకు అప్పుడు పని లేదు. కాజీపల్లిలో మందుల కంపెనీలో కాంట్రాక్టు మీద చేసేవాడు. కాంట్రాక్టరు మారాడు, కొత్తాయన తన మనుషుల్ని తెచ్చుకున్నాడు. పొద్దున గల్లీ చివర కంపెనీ బస్సు హారన్ కొడితే నర్సింహులు దుప్పటి ముఖం మీదికి లాక్కునేవాడు.

"నువ్వు చేస్కో. నేను వద్దన్ననా?" అన్నాడు నిషితతో. నిజమే, వద్దనలేదు.

పటాన్‌చెరులో కంప్యూటర్లు బాగుచేసే జునైద్‌ను పిలిపించాం. నిషితతో చదివిన గజాలాకు అన్న. వచ్చి, డబ్బాను తట్టి చూసి పెదవి విరిచాడు.

"చెల్లే, ముసలిదైంది ఇది. కొత్త విండోస్ దీనికి ఎక్కది. ఫ్రీగ దొరికేది వేరేదున్నది, అది ఎక్కిస్త. నీ పనికి చాలు. పాత ఫైళ్లు మాత్రం పోతయ్."

"పోనీ భాయ్. పాతయి ఏమున్నయ్ అందుల? కాలేజీ నోట్సులు."

"ఎక్కిచ్చుడంటే ఏంది బిడ్డా? లారీకెక్కిచ్చినట్టా?" అని అడిగాను.

"గంతే అమ్మా. లారీ ఖాళీ చేసుడు, సామాను ఎక్కిచ్చుడు."

"మా అవ్వకు ఈ వయసుల చదువెక్కుతున్నది. దానికెందుకెక్కది?" అన్నాడు నర్సింహులు. అందరం నవ్వాం. నేనే ఎక్కువ నవ్వాను.

అప్పటికి నిషిత నాకు అక్షరాలు నేర్పుతోంది. నా పెనిమిటి కొమురయ్య పోయాక మధ్యాహ్నాలు ఎంతకీ గడిచేవి కావు. బస్సు బోర్డులు, మందు గోలీల అట్టలు, కరెంటు స్తంభాలకు కట్టిన ప్లాట్ల ప్రకటనలు, ఏది కనబడితే అది నాతో చదివించేది. కంప్యూటర్ మీటల మీద కూడా చిన్న చిన్న కాగితం ముక్కలు అతికించి తెలుగు అక్షరాలు రాసింది. ఒక్కో మీటకు రెండు అక్షరాలు, కింద ఒకటి, పైన ఒకటి. పైది కావాలంటే పక్కన బాణం గుర్తున్న మీటను నొక్కి పట్టాలి. నా పేరులో ఠ ఉంది. అది పైన ఉండే అక్షరం. కింద ట, పైన ఠ.

జునైద్ పెన్‌డ్రైవ్ పెట్టాడు. తెర మీద భాషల పేర్లు వరుసగా వచ్చాయి, పురుగులు పాకినట్టు ఏవేవో రాతలు. వాటి మధ్యలో నాకు తెలిసిన ముఖం ఒకటి.

"అగో, తెలుగు!"

"భాయ్, తెలుగే పెట్టు. మా అత్తమ్మ చదువుతది," అంది నిషిత.

"నాకు తెలుగు మాట్లాడొస్తది గని చదవరాదు గద చెల్లే. ఇంగ్లీషైతే ఇంగ్లీషు, లేకుంటే ఉర్దూ."

"మేమున్నం గద."

అదేం తెలుగో గానీ మాలో ఎవరం మాట్లాడేది కాదు. 'స్థాపన' అని ఉంది. నేను కూడబలుక్కుని చదివితే నిషిత నవ్వు ఆపుకోలేకపోయింది. "స్థాపనట! గణపతిని గూసోబెడ్తున్నమా అత్తమ్మా?" జునైద్ ఫోన్ మోగింది. దుకాణంలో గిరాకీ వచ్చిందట. "ఇగ అదే ఎక్కుతది. మధ్యల పేరడుగుతది, కొట్టుండ్రి," అని బండెక్కి వెళ్లిపోయాడు.

పేరు అడిగింది.

"మీరే కొట్టుండ్రి అత్తమ్మా."

"కంప్యూటర్ నీది గద బిడ్డా."

"పేరు మీదే పెడదం. తెలుగుల నాకంటే మీరే మంచిగ రాస్తరు." అంతలో లోపల పాలు పొంగిన చప్పుడయింది. ఆమె పరుగెత్తింది.

ఒక్కదాన్నే కొట్టాను. బాణం మీట నొక్కిపట్టడం మరిచిపోయాను. ఠ రావాల్సిన చోట ట పడింది. చూశాను, తెలిసింది, కాని దాన్ని చెరపడం ఎట్లాగో అప్పటికి నాకు రాదు. 'ముందుకు' అని ఉంటే నొక్కాను. కింద ఒక పట్టీ నిండుతూ పోతోంది. సగం నిండి ఆగింది. తెల్లటి పెట్టె ఒకటి పైకి తేలింది. వేలు పెట్టి ఒక్కో అక్షరం చదువుకున్నాను.

రాయుటలో దోషం. స్థాపన ఆగిపోయినది.

నాకు ఆ ట గుర్తొచ్చింది. నిషిత పాలగిన్నె దించి వచ్చి చూసి, "అయ్యో, ఏదో ఎర్రర్ వచ్చింది. జునైద్ భాయ్‌నే పిలవాలె," అని తేలిగ్గా అనేసింది. ఆమె ఆ మాటలను చదవనే లేదు. ఇంగ్లీషు మీడియం పిల్ల, తెర మీద ఎర్ర గుర్తు చూసిందంతే.

బయట అరుగు మీద నర్సింహులు ఫోన్ చూసుకుంటున్నాడు. పక్కన కూర్చుని మెల్లగా అడిగాను.

"రాయుటలో దోషం అంటే ఏంది రా?"

"ఏం రాసినవ్ నువ్వు?"

"నా పేరు. ఠ పడలె. ట పడ్డది."

ఫోన్‌లోంచి తలెత్తి నన్ను చూశాడు. "మరి గదే. తప్పు రాస్తే ఒప్పుకుంటదా? మిషన్ అది."

"మల్ల మంచిగ రాస్తే?"

"ఒక్కసారి తప్పు పడ్డదంటే లోపల గట్లనే ఉంటదే అవ్వా." మళ్లీ ఫోన్‌లోకి తల వంచి, "నిషితకు చెప్పకు. పాపం, నీ మీద ప్రేమతోటి నీతోటి రాయించింది. బాధపడ్తది," అన్నాడు.

నా కొడుకు మనసు మంచిదని అనుకున్నాను ఆ పూట.

కడుపులో దాచుకోలేక పక్కింటి మల్లమ్మతో సగం చెప్పాను, కంప్యూటర్‌లో రాతల దోషం వచ్చిందని. ఆమె ముక్కు మీద వేలేసుకుంది. "రాతల దోషమా? అయ్యో వదినా! మీ నర్సింలుకు కొలువు పోయిన్నాడే అనుకున్న. అయ్యగారిని అడిగి శాంతి చేపియ్యరాదు?"

జునైద్ రెండోసారి వచ్చిన నాడు నేనూ నిషితా లేము. సదాశివపేటలో ఆమె పుట్టింటి చుట్టాల పెళ్లికి పోయాం. తిరిగొచ్చేసరికి నర్సింహులు, "వచ్చి చూసి పోయిండు. పెన్‌డ్రైవ్ ఈడనే పెట్టిండు, మల్ల ఎక్కించుకోమన్నడు," అన్నాడు. తెల్లారి నిషిత తలస్నానం చేసి, పరీక్షకు కూర్చున్నట్టు కూర్చుంది.

"అత్తమ్మా, రాండ్రి. పేరడుగుతున్నది."

"నువ్వే కొట్టు బిడ్డా. నాకు పొయ్యి మీద పనున్నది."

పొయ్యి మీద ఏమీ లేదు. ఖాళీ గిన్నె గరిటెతో తిప్పుతూ నిలబడ్డాను. ముందరి గదిలోంచి "అబ్బా!" అని వినబడింది. మళ్లీ ఆగింది.

ఇక అప్పటి నుంచి అదే వరుస. పెన్‌డ్రైవ్ మార్చింది. భాష మార్చి ఇంగ్లీషు పెట్టింది. వేడికి ఆగుతోందేమోనని ఉన్న ఒక్క టేబుల్ ఫ్యాను కంప్యూటర్ వైపు తిప్పి తాను చెమటలో కూర్చుంది. ఒకసారి సగంలో, ఒకసారి ముప్పాతికలో, ఒకసారి మొదట్లోనే. ప్రతిసారీ నాకు నా ట కనబడేది, లోపలెక్కడో మేకులా దిగి కూర్చుని. జునైద్‌కు ఫోన్ చేయబోతే నర్సింహులు అన్నాడు, "పరాయి మొగోనికి మాటిమాటికి ఫోన్లేంది? నేను మాట్లాడిన. డబ్బానే పోయిందంటున్నడు." నిషిత ముఖం ఎర్రబడింది. ఫోన్ పక్కన పెట్టేసింది. మళ్లీ ఆ నంబరు జోలికి పోలేదు.

ఫోన్‌లో ఏవో వీడియోలు చూసి ఒక మధ్యాహ్నం, "లోపల డిస్క్ వైరు వదులుంటే గూడ గిట్లయితదంట. విప్పి చూడాలె," అంది.

"నువ్వు ముట్టకు. షాక్ కొడ్తది," అంటూ నర్సింహులు లేచి వచ్చాడు. ఎన్నాళ్లకో వాడు ఒక పని మీద లేవడం. నాకు సంతోషమైంది. డబ్బా పక్క రేకు విప్పి, మా వైపు వీపు పెట్టి కూర్చుని, "అవ్వా, లైటు పట్టు," అన్నాడు. సెల్లు లైటు పట్టాను. లోపల దుమ్ములో రంగురంగుల వైర్లు. వాడి చెయ్యి సూటిగా ఒక ఎర్ర వైరు దగ్గరికి పోయింది. వెతకలేదు. నొక్కినట్టు చేశాడు. "ఇంకా ఇటు పట్టు," అన్నాడు. ఇంకా దగ్గరగా పట్టాను.

"అన్నీ గట్టిగనే ఉన్నయ్," అన్నాడు లేస్తూ.

ఆ సాయంత్రం కూడా ఎక్కలేదు.

"ఇగ లేదని కంపెనీకి చెప్పెయ్. ముందే చెప్తే మాటన్న దక్కుతది," అన్నాడు. నిషిత రెండు రోజులు ఓర్చుకుని చెప్పేసింది. ఇంట్లో కంప్యూటర్ లేదండీ అని. ఉన్న కంప్యూటర్ ఎదురుగా కూర్చునే చెప్పింది.

చదువు నేను అప్పటికే మానేశాను. బోర్డులు చదవలేదు, గోలీల అట్టలు చదవలేదు. ఒకరోజు బట్టలు మడతపెడుతూ నిషిత అడిగింది.

"నా మీద కోపమొచ్చిందా అత్తమ్మా? పుస్తకం తీస్తలేరు."

"కండ్లు గుంజుతున్నయ్ బిడ్డా."

"సరే తియ్యుండ్రి. నాకే ఏదీ ఎక్కుతలేదు. మిమ్మల్నేం అడగాలె?"

ఆ మాట పడలేకపోయాను. మరునాడు పొద్దున కూరగాయలకని చెప్పి బస్సెక్కాను. కొంగున ఒక కాగితం ముడేసుకున్నాను. దాని మీద నా పేరు మంచిగా, నిదానంగా, ఠ కడుపులో చుక్క పెట్టి రాసుకున్నాను. ఆ తప్పు పేరు తీసేసి దీన్ని పెట్టమని జునైద్‌ను అడగాలని నా ఆలోచన. కంపెనీ వాళ్లకు మళ్లీ చెప్పుకోవచ్చు, మిరుగు ఇంకా రాలేదు కదా అని ఆశ.

జునైద్ దుకాణం పటాన్‌చెరు బస్టాండు వెనక గల్లీలో. నన్ను చూసి స్టూలు జరిపాడు.

"అమ్మా, మీరెట్లొచ్చిండ్రు ఎండల? ఎక్కిందా కంప్యూటర్?"

"ఎక్కలె బిడ్డా. తప్పు నాదే." కాగితం విప్పి ఇచ్చాను. "నా పేరుల ఈ అక్షరం తప్పు కొట్టిన. గందుకే రాయుటలో దోషం అంటున్నదది. లోపలున్నది తీసేసి ఇది పెట్టు. నిషితకు తెల్వద్దు."

కాగితం అటూ ఇటూ తిప్పాడు. ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు ఆగలేదు. బల్ల మీద తల పెట్టుకుని నవ్వాడు.

"అయ్యో అమ్మా! రాసుడంటే మీ రాత గాదు. లోపల డిస్క్ ఉంటది, దాని మీద మిషన్ రాసుకుంటది. వైరు వదులుంటే రాయలేదు. దాని దోషమది. మీ పేరుతోటి దానికేం ఫరక్? మీరు గాడిదని రాసినా ఎక్కుతది."

నేనూ నవ్వబోయాను. సగంలో అడిగాను. "ఏ వైరు?"

"ఎర్రది. నేను రెండోసారి వచ్చిన్నాడు అదే వదులుండే. గట్టిగ పెట్టిన. నర్సింలన్నకు చూపెట్టిన గూడ, అన్నా, ఇది జెర కదిలినా పరేషాన్ చేస్తది, మల్ల గట్లయితే నొక్కుండ్రి అని. చెప్పలేదా మీకు?"

గల్లీలో ఆటో ఒకటి వెనక్కి వస్తూ గీ పెడుతోంది. అది ఆగేదాకా ఆగాను.

"చెప్పిండు," అన్నాను.

"మరింకేంది! నొక్కుతే అయిపోతది." చాయ్ తెప్పించాడు. తాగాను. కాగితం మళ్లీ కొంగున ముడేసుకున్నాను.

ఇంటికొచ్చేసరికి నర్సింహులు లేడు. నిషిత వెనక బట్టలుతుకుతోంది. కరెంటు ప్లగ్గు తీసి, డబ్బా ముందు కూర్చున్నాను. పక్క రేకును ఆ రోజు వాడు బిగించనే లేదు, ఊరికే ఆనించి పెట్టాడు. ఎర్ర వైరు మూతి అంచుకు వేలాడుతోంది, ఊడినట్టు కాదు, ఉన్నట్టూ కాదు. బొటనవేలితో నొక్కాను. టక్కున కూర్చుంది. అంతే పని.

"బిడ్డా, ఒక్కసారి పెట్టు," అని పిలిచాను.

"మల్లనా అత్తమ్మా? ఎందుకు?"

"పెట్టు."

తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. రేకు తీసి ఉండడం చూసింది, ప్లగ్గు పెట్టింది. భాషల్లో ఈసారి మళ్లీ తెలుగే నొక్కింది. పేరడిగినప్పుడు మీటల పలక నా వైపు జరిపింది. బాణం మీట నొక్కిపట్టి కొట్టాను. ఠ పడింది. పట్టీ నిండుతూ పోయింది. సగం దాటింది, ముప్పాతిక దాటింది. నిషిత నా భుజం పట్టుకుంది, గోళ్లు దిగేలా.

స్థాపన పూర్తయినది.

"ఏం చేసిండ్రు అత్తమ్మా?"

"ఎర్ర వైరు వదులుండే."

"మొన్న ఆయన చూసిండు గద?"

"చూసిండు. నేనే లైటు పట్టిన." ఇక ఆపలేదు, ఆపాలని కూడా అనుకోలేదు. "జునైద్ వచ్చిన్నాడే ఆ వైరు వానికి చూపెట్టి పోయిండట."

నిషిత చెయ్యి నా భుజం మీద నుంచి మెల్లగా జారింది. ఎప్పుడొచ్చాడో, నర్సింహులు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తెర చూశాడు, రేకు చూశాడు.

"నువ్వు నా తల్లివా, ఆమె తల్లివా?"

"నీ తల్లినే. గందుకే దుకాణంల నీ పరువు దియ్యలె."

"ఆమె కుర్చీల గూసోని టైపు కొడ్తుంటే, నేను ఆమెకు చాయ్ అందిచ్చుకుంట గూసోవాల్నా?"

"చాయ్ అడిగిన్నా నేనెప్పుడన్న?" అంది నిషిత. గొంతు పెంచలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది. వాడు చెప్పులేసుకుని బయటికి పోయాడు.

కంపెనీకి ఫోన్ చేసింది. మీరే లేదన్నారు కదమ్మా, ఆ చోటు వేరేవాళ్లకు ఇచ్చేశాం, అన్నారు.

మిరుగు నాడు నర్సింహులు చేపలు తెచ్చాడు. ప్రతి ఏడూ తెచ్చినట్టే, ఏమీ జరగనట్టు. నిషిత తోమి, కడిగి, పులుసు పెట్టింది. వాడికి వడ్డించింది, ముళ్లు చూసుకుని తినమంది. తాను తినలేదు. గిన్నెలు కడిగి బోర్లించి, బ్యాగు పట్టుకుని ముందరి గదిలోకి వచ్చింది. పటేల్‌గూడలో తన స్నేహితురాలు శ్రీదివ్య గదిలో ఉంటుందట. ఇద్దరూ మందు గోలీలు డబ్బాల్లో సర్దే పనికి పోతారట. షిఫ్టంతా నిలబడి చేసే పని. కూర్చుని చేసే పని చేతికొచ్చి పోయింది మరి.

"నేనూ వస్త బిడ్డా."

"ఒక్క మంచం పట్టే గది అత్తమ్మా అది."

"కంప్యూటర్ తీస్కపో. నీది."

ఆమె దాని వైపు చూసింది. మీటల మీద కాగితం ముక్క ఒకటి లేచి ఉంటే వేలితో అదిమింది.

"మీ పేరు మీదున్నది గద," అంది.

నర్సింహులు కంచం ముందు నుంచి లేవలేదు. గేటు చప్పుడైనప్పుడు ఒక ముల్లు తీసి పక్కన పెట్టాడు.

ఇప్పుడు వాడికి ఒక గోదాములో పని దొరికింది. పొద్దున బస్సు హారన్ కొట్టకముందే లేస్తాడు. వాడు పోయాక స్విచ్ వేస్తాను. కంప్యూటర్ తెరుచుకుని ముందుగా నా పేరు చూపిస్తుంది, తప్పు లేకుండా. నిషిత ఆదివారాలు ఫోన్ చేస్తుంది. కాళ్లు వాస్తున్నాయంటుంది. ఏం రాశారో చదవండి అంటుంది. ఇది మాత్రం ఇంకా చదివి వినిపించలేదు.

మొన్న వాడు నా వెనక ఆగి అడిగాడు, ఏం రాస్తున్నవే అవ్వా అని. చూసుకో అన్నాను. వాడు చదివింది తెలుగు మీడియమే. తెర వైపు ఒక్కసారి చూసి, బువ్వ పెట్టు అన్నాడు.

రాసింది విఠలమ్మ. వయసు యాభై తొమ్మిది. ఉండేది కిష్టారెడ్డిపేటలో, కొడుకు దగ్గర.